కిల్న్ గోడ, పొగగొట్టం, ఒక అగరుబత్తి

నా టేబుల్ సొరుగులో అరచేయంత అల్యూమినియం రేకు ముక్క ఒకటి కొన్నేళ్లుగా ఉంది. ఇంధనం ఎక్కడ దండగవుతోందో చూసి చెప్పే ఎనర్జీ ఆడిటర్‌గా నేను చేసిన మొదటి పెద్ద పొరపాటుకు మిగిలిన ఆనవాలు అది. ఆ పొరపాటు రాజమహేంద్రవరానికి దిగువన, గోదావరి గట్టుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక చిన్న సిరామిక్ ఫ్యాక్టరీలో జరిగింది. అక్కడ ఆమ్లాలను తట్టుకునే పలకలు తయారు చేసి, 1,200 డిగ్రీల దగ్గర షటిల్ కిల్న్‌లో కాలుస్తారు. షటిల్ కిల్న్ అంటే పట్టాల మీద నడిచే బండి లోపలికి దూరే ఇటుక గది అనుకోవచ్చు. పచ్చి సరుకును బండి మీద పేర్చి లోపలికి తోసి, తలుపు బిగించి, బర్నర్లు వెలిగించి, కాల్చి, చల్లార్చి, మళ్లీ బయటికి లాగుతారు. ప్రతి విడతకూ కిల్న్ మొత్తం చల్లటి స్థితి నుంచి మొదలై వేడెక్కాలి. మన ప్రాంతంలో కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ ఉంది కాబట్టి ఇంధనం గొట్టం ద్వారా వస్తుంది, బిల్లు నెలనెలా వస్తుంది, దాన్ని చూసి యజమాని నెలనెలా నిట్టూరుస్తాడు.

నేను వెళ్లిన రోజు కిల్న్ మేస్త్రి నన్ను నేరుగా గోడ దగ్గరికి తీసుకుపోయాడు. "చెయ్యి పెట్టి చూడండి సార్, పెట్టలేరు. వేడంతా ఇక్కడే పోతోందండి, ఆయ్" అన్నాడు. చెయ్యి పెట్టాను, పెట్టలేకపోయాను. టెంపరేచర్ గన్‌తో కొలిస్తే 80 డిగ్రీల చుట్టుపక్కల చూపించింది. ఫొటోలు తీసుకుని, బయటి గోడకు ఇన్సులేషన్ దుప్పటి చుట్టి పైన అల్యూమినియం రేకు కప్పాలని రిపోర్టు రాశాను. యజమాని ఆ మాట నమ్మి డబ్బు ఖర్చు పెట్టాడు. పని అయ్యాక మళ్లీ గన్ పట్టుకుని చూస్తే 48 డిగ్రీలు చూపించింది, నాకు పట్టరాని సంతోషం వేసింది. గ్యాస్ బిల్లు మాత్రం ఆ నెలా, తరువాతి నెలా చెప్పుకోదగ్గంత కదలలేదు.

ముందుగా ఆ 48 సంగతి చెప్పాలి. టెంపరేచర్ గన్ వస్తువు ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు, దాని ఉపరితలం వెదజల్లే పరారుణ కిరణాలను పట్టుకుని, ఆ ఉపరితలం బాగా వెదజల్లేదే అని అనుకుని లెక్క కడుతుంది. ఇటుక, సున్నం, రంగు వేసిన ఇనుము దాదాపు అలాంటివే కాబట్టి వాటి మీద అది నిజానికి దగ్గరగా చెబుతుంది. మెరిసే అల్యూమినియం మాత్రం చాలా తక్కువ వెదజల్లి, ఎదురుగా ఉన్న చల్లటి షెడ్డు గోడల నీడనే అద్దంలా తిప్పి చూపిస్తుంది. తాకిన చోటి వేడిని కొలిచే థర్మోకపుల్ తీగను ఆ రేకుకు అంటించి, పైన టేపు వేసి చూసిన రోజున అది గన్ చెప్పిన అంకెకంటే చాలా ఎక్కువ చూపించింది. అదే రేకు మీద నల్ల రంగు పూసి గన్‌తో కొలిస్తే రెండు సాధనాలూ దాదాపు ఒకే మాట చెప్పాయి. ఆ రంగు పూసిన ముక్కే నా సొరుగులో ఉన్నది.

ఇది చిన్న తప్పు. పెద్ద తప్పు ఏమిటంటే, గోడ వేడిగా ఉందన్న విషయాన్ని వేడంతా గోడ గుండానే పోతోందన్న విషయంగా నేను చదువుకోవడం. 80 డిగ్రీల గోడ, 35 డిగ్రీల షెడ్డు గాలిలో నిలబడి, కిరణాల ద్వారానూ గాలి కదలిక ద్వారానూ చదరపు మీటరుకు సుమారు అర కిలోవాట్ వదులుతుంది. ఆ కిల్న్ గోడలూ పైకప్పూ కలిపి 40 చదరపు మీటర్లనుకుంటే, అంతా ఆ వేడిలోనే ఉన్నా 20 కిలోవాట్ల చిల్లర, అంటే గంటకు రెండు ఘనపు మీటర్లకు కొంచెం పైన గ్యాస్ ఇచ్చే వేడి. పైగా బయటి గోడ ఆ 80 డిగ్రీలకు చేరేది కాల్పు చివరికి వచ్చాకనే. ఫైర్ బ్రిక్ (మంటను తట్టుకునే ఇటుక) గోడలో వేడి నత్తలా నడుస్తుంది కనుక లోపల 1,200 డిగ్రీలు నిలిచిన కొన్ని గంటలకు గానీ బయటికి కబురు అందదు. తరువాత ఒక విడత మొత్తం కూర్చుని గంట గంటకూ రాసుకున్నప్పుడు తెలిసింది, బయటి గోడ అన్నిటికంటే ఎక్కువ వేడెక్కినది బర్నర్లు ఆర్పేసిన తరువాత. మేస్త్రి చెయ్యీ నా చెయ్యీ కాల్చిన వేడి ఎప్పుడో గోడలోకి దిగిపోయిన పాత వేడి. ఇంకొక సంగతి నాకు అప్పట్లో తట్టనే లేదు. విడతలుగా నడిచే కిల్న్‌కు బయటి వైపు దుప్పటి కప్పితే గోడ ఇటుకల సగటు ఉష్ణోగ్రత పెరుగుతుంది, కాబట్టి ప్రతి విడతా గోడ తాగే వేడి కూడా పెరుగుతుంది. ఒక చేత్తో ఆదా చేసినదాన్ని రెండో చేత్తో గోడకే పోసినట్టయింది.

ఇక పొగగొట్టం. నేను చేసిన పనికి సిగ్గుపడి, ఫీజు ఏమీ అడగకుండా, పొగలోని వాయువులను కొలిచే ఫ్లూ గ్యాస్ అనలైజర్ అద్దెకు తెచ్చుకుని మళ్లీ వెళ్లాను. పొగ కిల్న్‌ను వదిలే చోటనే, బయటి గాలి కలవక ముందే, నమూనా తీసుకోవాలి. గొట్టం పైకి పోయేకొద్దీ సందుల్లోంచి గాలి కలిసి అంకెలు పలచబడిపోతాయి. కిల్న్ గరిష్ఠ వేడికి దగ్గరగా ఉన్న ఆ సమయంలో పొగలో ఆక్సిజన్ 10 శాతం ఉంది.

ఆ అంకె ఎంత ఖరీదైనదో కొంచెం నిదానంగా చూడాలి. ఒక ఘనపు మీటరు మీథేన్ పూర్తిగా మండటానికి సుమారు తొమ్మిదిన్నర ఘనపు మీటర్ల గాలి చాలు. పొగలో 3 శాతం ఆక్సిజన్ మిగిలిందంటే అవసరానికి మించి 17 శాతం గాలి పోతోందని అర్థం, 10 శాతం మిగిలిందంటే దాదాపు 90 శాతం అదనం. ఈ అదనపు గాలి మంటలో ఏ పనీ చేయదు. పెళ్లి భోజనానికి పిలవకుండా వచ్చినవాళ్లలా కడుపు నింపుకుని, అంటే షెడ్డు వేడి నుంచి కిల్న్ వేడి దాకా వేడెక్కి, గొట్టం ద్వారా వెళ్లిపోతుంది. పొగ 1,000 డిగ్రీల దగ్గర బయటికి పోతున్నప్పుడు, 3 శాతం ఆక్సిజన్‌తో గ్యాస్ వేడిలో సగం వరకు పొగతోనే పోతుంది. అదే పొగలో 10 శాతం ఆక్సిజన్ ఉంటే నూటికి 75 పాళ్లకు పైగా పోతుంది. సరుకుకూ గోడలకూ దక్కేది మొదటి సందర్భంలో సగం, రెండో సందర్భంలో పావు కంటే తక్కువ. అంటే ఆ వేడిలో అదే పని జరగడానికి గ్యాస్ రెట్టింపుకు పైగా కావాలి. ఇంత వేడి పోతున్నా గొట్టం దగ్గర ఎవరి చెయ్యీ కాలదు, ఎందుకంటే అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. కాల్పు మొదట్లో, 600 డిగ్రీల లోపు, అదనపు గాలి దండగ కాదు. మట్టిలో రసాయనికంగా బంధించి ఉన్న నీరు సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య వదులుతుంది, మట్టిలోని సేంద్రియ పదార్థం కాలిపోవడానికి ఆక్సిజన్ కావాలి, లేకపోతే పలక విరిచినప్పుడు మధ్యలో నల్లటి చార కనిపిస్తుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది కనుక అక్కడ బండి మీది సరుకంతా ఒకే వేడిలో, నెమ్మదిగా దాటాలి. ఆ దశలో గాలి ఎక్కువగా తిరిగితేనే పైవరసకూ కిందివరసకూ తేడా తగ్గుతుంది. ఆ మేస్త్రి ఈ సంగతిని అనుభవంతో ఎరిగినవాడే. వచ్చిన చిక్కల్లా, మొదట్లో పెట్టిన బ్లోయర్ వాల్వునూ, పొగగొట్టం లాగుడును అదుపు చేసే మూత డంపర్‌నూ చివరి దాకా అలాగే వదిలేయడం. "పగిలితే నా మీదికి వస్తుందండి, గ్యాస్ పోతే ఎవరూ అడగరు" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. పగిలిన పలకలను లెక్కపెట్టే మనిషి ఫ్యాక్టరీలో ఉన్నాడు, పొగలో ఆక్సిజన్‌ను లెక్కపెట్టే మనిషి లేడు.

బర్నర్ల గాలి వాల్వులు బిగించి చూశాం. ఆక్సిజన్ 10 నుంచి దిగింది గానీ అనుకున్నంత దిగలేదు. బర్నర్ల ద్వారా కాకుండా ఇంకెక్కడి నుంచో గాలి లోపలికి వస్తోందన్నమాట. ఎక్కడి నుంచో తెలుసుకోవడానికి నా దగ్గర ఉన్న ఖరీదైన సాధనాలు ఏవీ పనికిరాలేదు. ఆఫీసు గదిలో వినాయకుడి పటం ముందు వెలుగుతున్న అగరుబత్తిని మేస్త్రి తెచ్చి, తలుపు అడుగు సందు దగ్గర పట్టుకున్నాడు. అంతదాకా నిలువుగా లేస్తున్న పొగ ఒక్కసారిగా అడ్డం తిరిగి, దారంలా సాగి, సందులోకి దూరిపోయింది. బండి పక్క సందును మూసే ఇసుక తొట్టె దగ్గరా అంతే. అదే అగరుబత్తిని నిచ్చెన ఎక్కి తలుపు పైఅంచు దగ్గర పట్టుకుంటే పొగ మా ముఖాల వైపు నెట్టుకొచ్చింది.

దీని వెనుక ఉన్న కారణం పొగగొట్టం పనిచేసే కారణమే. వేడి వాయువు తేలిక కాబట్టి, 1,000 డిగ్రీల దగ్గర కిల్న్ ఎత్తు మీటరు పెరిగిన కొద్దీ లోపలి పీడనం బయటితో పోలిస్తే దాదాపు ఒక మిల్లీమీటరు నీటి మట్టమంత పెరుగుతుంది. ఎక్కడో ఒక ఎత్తులో లోపలా బయటా సమానమవుతాయి. ఆ గీతకు కింద ఉన్న ప్రతి సందూ బయటి గాలిని పీల్చుకుంటుంది, పైన ఉన్న ప్రతి సందూ వేడిని ఊదేస్తుంది. డంపర్ బాగా తెరిచి ఉంచితే గొట్టం లాగుడు పెరిగి ఆ గీత పైకి జరుగుతుంది, కిల్న్ దాదాపు అంతా పీల్చుకోవడం మొదలుపెడుతుంది. డంపర్‌ను కొంచెం కొంచెంగా దించి, బండి మట్టం దగ్గర పీడనం సమానం కంటే ఒక పిసరు ఎక్కువగా ఉండేలా నిలపాలి. మరీ దించితే మంట తలుపు సందుల్లోంచి నాలుక చాపి ఇనుప ఫ్రేమును తినేస్తుంది, కాబట్టి అది ఒక్కరోజులో కుదిరే పని కాదు. సందులకు వేడిని తట్టుకునే దూదిలాంటి సిరామిక్ ఫైబర్ తాడు కూర్చాం, ఇసుక తొట్టెలు నింపించాం, ఊడిపోయిన ఇటుక వల్ల బర్నర్ పక్కన ఏర్పడిన అరచేయంత కన్నాన్ని పూడ్చాం. కన్నం చిన్నదే గదా అనుకునే అలవాటు నాకూ ఉండేది. కానీ కిరణాల రూపంలో పోయే వేడి, కెల్విన్‌లలో కొలిచిన ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 1,200 డిగ్రీల దగ్గర అది చదరపు మీటరుకు 260 కిలోవాట్లకు పైమాటే. గోడ మందం అడ్డుపడి అందులో సగమే బయటికి వస్తుందనుకున్నా, ఆ అరచేయంత కన్నం నేను దుప్పటి కప్పించిన గోడలో రెండు చదరపు మీటర్లకు పైగా పెట్టు.

ఈ పనులన్నిటికీ అయిన ఖర్చు, నా మొదటి రిపోర్టు పెట్టించిన ఖర్చులో పిసరంత. కాల్పు పైదశలో ఆక్సిజన్ 4 శాతం దగ్గర నిలిచింది. బిల్లులో తేడా యజమాని నాకు ఫోన్ చేసి చెప్పేంతగా కనిపించింది. అప్పుడు ఆయన రెక్యుపరేటర్ పెడదామా అని అడిగాడు. పొగ వేడితో మంటకు వెళ్లే గాలిని 300 డిగ్రీలకు వేడి చేస్తే, 1,000 డిగ్రీల పొగ ఉన్నచోట ఆరో వంతుకు పైగా గ్యాస్ మిగులుతుంది, నిజమే. అయితే గాలి లెక్క సరిచేయక ముందే దాన్ని పెట్టి ఉంటే, దండగ గాలిని వేడి చేసే ఖరీదైన యంత్రం అయి ఉండేది. నేను ఆయనకు ముందు గోడ లోపలి వైపు సంగతి చూడమని చెప్పాను.

తొమ్మిది అంగుళాల మందం ఫైర్ బ్రిక్ గోడ చదరపు మీటరుకు 450 కిలోల పైచిలుకు బరువు ఉంటుంది. దాని సగటు వేడి 600 డిగ్రీలు పెరగాలంటే 70 వేల కిలో క్యాలరీల వరకు కావాలి, అంటే ప్రతి విడతా ఒక్కొక్క చదరపు మీటరు గోడ ఎనిమిది ఘనపు మీటర్ల గ్యాస్ వేడిని తాగి, చల్లారేటప్పుడు గాలికి వదిలేస్తుంది. అదే చోట 20 సెంటీమీటర్ల సిరామిక్ ఫైబర్ ఉంటే దాని బరువు పాతిక కిలోలు, తాగే వేడి అందులో పదిహేనో వంతు కూడా కాదు. ఏడాది పొడవునా ఆరకుండా నడిచే టన్నెల్ కిల్న్‌కు ఈ లెక్క అంతగా పట్టదు, ఎందుకంటే అది ఒక్కసారే తాగుతుంది. విడతల కిల్న్‌కు మాత్రం ఇది ప్రాణం. ఫైబర్ పనిలో ఒక జాగ్రత్త తప్పనిసరి. దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించగల అవకాశం ఉన్న వాటి జాబితాలో పెట్టింది. ముఖానికి తుండు కట్టుకుని ఆ పని చేసే కుర్రాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, మంచి మాస్కు ధర ఆ ఫైబర్ ధరలో ఎన్నో వంతు గనుక.

ఈ లెక్కలు చేస్తున్నంతసేపూ నాకు మావయ్యగారి ఇటుక ఆవం గుర్తుకొచ్చేది. మా అమ్మమ్మగారి ఊరు గౌతమి పాయ పక్కన. సంక్రాంతి వెళ్లాక, సార్వా ధాన్యం మిల్లులకు చేరి ఊక దొరికే రోజుల్లో, మావయ్య ఒండ్రు మట్టితో ఇటుక కోయించి, ఎండబెట్టించి, 50 వేల ఇటుకలతో ఆవం పేర్పించేవాడు. అడుగున పొయ్యి సొరంగాలు, వరసల మధ్య ఊక, చుట్టూ మట్టి మెత్తు. ఇంజినీరింగ్ చదివిన నేను వేసవి సెలవుల్లో అక్కడ నిలబడి దాన్ని మోటు పద్ధతి అని తీసిపారేసేవాణ్ని. నిజానికి ఇంధనం విషయంలో అది మోటే. ఆవంలో కిలో ఇటుక కాలడానికి 2 నుంచి 4 మెగాజౌళ్ల వేడి ఖర్చవుతుంటే, గాలిని వంకరటింకరగా నడిపించే జిగ్‌జాగ్ బట్టీలో అది 1 మెగాజౌల్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ బట్టీలోనూ, 1858లో హాఫ్‌మన్ జర్మనీలో పేటెంట్ తీసుకున్న కిల్న్‌లోనూ, 1876లో బుల్ అనే ఇంగ్లిషు ఇంజినీరు మన దేశానికి తగ్గట్టు మార్చిన ట్రెంచ్ కిల్న్‌లోనూ ఉన్న ఉపాయం ఒక్కటే. ఇటుక కదలదు, మంట చుట్టూ తిరుగుతుంది, లోపలికి వచ్చే గాలి కాలిన ఇటుకలను చల్లార్చి వేడెక్కుతుంది, బయటికి పోయే పొగ పచ్చి ఇటుకలను వేడి చేసి చల్లబడుతుంది. ఆవంలో ఆ రెండూ గాలిపాలే.

అయినా మావయ్యకు తెలిసినవి నాకు ఆలస్యంగా తెలిశాయి. పడమటి గాలి వీచే వైపు తాటాకు దడి కట్టించేవాడు, మెత్తు బీటలిచ్చిన చోటల్లా ఊక కలిపిన మట్టి పూయడానికి రాత్రంతా ఒక మనిషిని పెట్టేవాడు. అగరుబత్తి లేకుండానే ఆయన దండగ గాలిని ఆపుతున్నాడు. "చిన్న ఆవం పేరిస్తే పక్క ఇటుకలన్నీ పచ్చివే రా" అనేవాడు. 50 వేల ఆవాన్ని లక్షకు పెంచితే చుట్టూ ఉన్న ఉపరితలం రెట్టింపు కాదు, 60 శాతమే పెరుగుతుంది, కాబట్టి ఒక్కొక్క ఇటుకకు వచ్చే నష్టం ఐదో వంతు తగ్గుతుంది.

అన్నిటికంటే, ఆయన తొందరపడేవాడు కాదు. పేర్పు మొదలుపెట్టమని కూలీల మేస్త్రి వచ్చి అడిగితే, ఎండిన ఇటుకనొకదాన్ని తీసి రెండుగా విరిచి, లోపలి రంగు చూసి, "ఇంకో నాలుగు రోజులు ఎండనివ్వండి, ఊక కలిసొస్తుంది" అనేవాడు. ఎంత కలిసొస్తుందో ఈమధ్య లెక్క వేశాను. మూడు కిలోల ఇటుకలో అదనంగా 5 శాతం తేమ అంటే 150 గ్రాములు, 50 వేల ఇటుకలకు ఏడున్నర టన్నుల నీరు. కిలో నీటిని ఆవిరి చేయడానికి 600 కిలో క్యాలరీల పైన కావాలి, కిలో ఊక ఇచ్చేది 3,000 చిల్లర. ఒక్క బొట్టు వేడి కూడా దండగ కాకపోయినా ఒకటిన్నర టన్నుల ఊక కేవలం ఆ నీటిని తరిమేయడానికే పోతుంది, ఆవంలో అయితే అంతకు ఎంతో మించి. మన డెల్టాలో ఎండ ఉచితం, గాలిలో తేమ కూడా ఉచితమే, కాబట్టి ఆ నాలుగు రోజులు అనేవి మాఘ ఫాల్గుణాల్లో దొరుకుతాయి గానీ వానల్లో దొరకవు.

సిరామిక్ ఫ్యాక్టరీ యజమానికి ఇప్పుడు చెప్పిన పని ఇదే. కాల్పు ముగిశాక చల్లారే కిల్న్ నుంచి వచ్చే శుభ్రమైన వేడి గాలి ఇప్పటిదాకా షెడ్డు పైకప్పు గుండా పోతోంది, దాన్ని ఒక ఫ్యాన్‌తో పచ్చి పలకలు ఆరబెట్టే గదికి మళ్లించాలి. వానకాలంలో ఆ గదిలో పలకలు ఆరక, తడితోనే కిల్న్‌లోకి వెళ్లి, పగిలి, మేస్త్రి మీదికి వస్తున్నాయి. రేకు పనివాడు గొట్టం కొలతలు తీసుకుని వెళ్లాడు. ఈసారి నేను పది పలకలను ఆరబెట్టక ముందూ తరువాతా తూకం వేసి రాసుకుంటున్నాను, గన్‌ను మాత్రం సంచిలోంచి తీయలేదు.